తుప్పు చూడలేని మనిషి

మా పెద్దమ్మకి రక్తమంటే రోత లేదు. చీము అన్నా లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక పెద్ద ఆసుపత్రి నేలమాళిగలో, ఆపరేషన్ గదుల నుంచి ట్రేలలో దిగే కత్తెరలూ పటకార్లూ కడిగిన మనిషి ఆవిడ. ఆ గదికి కిటికీ లేదు. వేడినీళ్ళ ఆవిరికి గోడల మీది సున్నం బొబ్బలెక్కి ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి ట్రే మూత తియ్యగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తేవాళ్ళట. పెద్దమ్మ మాత్రం చేతులు కడుక్కుని, అక్కడే ఒక మూల స్టూలు వేసుకుని, క్యారియర్ విప్పి తృప్తిగా భోంచేసేది.

"రక్తం కడిగితే పోతుందిరా. చీమూ కడిగితే పోతుంది. తుప్పు అలా కాదు, లోపలికి తింటుంది. దాన్ని చూస్తే నాకు కడుపులో దేవుతుంది," అనేది.

రోజూ వాడని పనిముట్లని కడిగి, ఆరబెట్టి, పారఫిన్ నూనెలో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచి బీరువాలో పెట్టడం అక్కడి పద్ధతి. ఆ నూనెకి రంగు లేదు, వాసన లేదు. తుడిచాక వేలితో ముట్టుకున్నా తెలియనంత పల్చటి పొర. వాడే ముందు మళ్ళీ కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టేవాళ్ళు. ఉక్కుని పొడిగా వదిలేసి ఇంటికి వెళ్ళడమంటే పెద్దమ్మ దృష్టిలో పసిపిల్లని తడిబట్టల్లో వదిలేసి వెళ్ళినట్టు.

రక్తానికి చలించని ఈ మనిషికి లోకంలో మిగతా వాటన్నిటి మీదా ఏవగింపే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "చూడ్డానికొచ్చినవాడి చెవులు చూశాను. ఇంకేం పెళ్ళి!" అంది. బస్సు ఎక్కదు. బస్సులో కమ్మీ పట్టుకోవడం చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టుంటుందట. అందుకే, వయసులో ఉండగానే మోటార్ సైకిల్ నేర్చుకుంది. పొట్టి మనిషి. వేడినీళ్ళకీ సోడాకీ తోలు ఊడి ఊడి గులాబి రంగుకి తిరిగిన చేతులు, మాంసం దాకా కత్తిరించిన గోళ్ళు. ఆ చేతులతో హ్యాండిల్ పట్టుకుని వంపులు తిరుగుతుంటే వీధిలో కుర్రాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు.

రిటైరయ్యాక ఆవిడ మా ఇంటికి వచ్చేసింది. నా భార్యా నేనూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పాపని బడికి దింపడం, తీసుకురావడం పెద్దమ్మ పని. పాపని వెనక కూర్చోబెట్టి, తన నడుముకి బెల్టుతో కట్టుకుని, చిన్న హెల్మెట్ పెట్టి, మా వీధి దిగుడు మీదుగా తీసుకెళ్ళేది. దిగుడు నిటారుగా ఉంటుంది. చివర్లో గిడ్డంగులకి పోయే లారీలు మలుపు తిరిగే కూడలి. రోజూ వాళ్ళిద్దరూ వీధి మలుపు దాటేదాకా నేను గేటు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి. "ఎందుకలా ఉరికంబం ఎక్కేవాడిలా మొహం పెడతావు?" అని పెద్దమ్మ కసురుకునేది.

సాయంత్రం బండి తుడవడం ఆవిడకి రెండో ఉద్యోగం. తెల్లగుడ్డ తీసుకుని చక్రం కమ్మీల మధ్యకి వేలు దూర్చి తుడిచేది. బ్రేకు ప్యాడ్లు అరిగి చక్రం మీద పేరుకునే నల్లపొడి అంటే ఆవిడకి మహా రోత. "ఛీ, ముక్కులోంచి రాలిన పొక్కులా ఉంది," అంటూనే తుడిచేది. పాత ఇంట్లో బండి రేకుల కింద ఉండేది. మా ఇంట్లో వాకిట్లోనే ఉంటుంది. వానలు మొదలయ్యాక ఆ తుడవడం ఇంకా ఎక్కువైంది. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి చేతిలో పాప భద్రంగా ఉంటుందని మేము మురిసిపోయాం.

ఒక సాయంత్రం పాప భోజనాల బల్ల దగ్గర చెప్పింది.

"నాన్నా, ఇవాళ నానమ్మ కాళ్ళతో బండి ఆపింది! జర్రుమని!"

"చెప్పొద్దన్నానా, చాడీల పుట్టా!" అంది పెద్దమ్మ.

నా భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎక్కడ అత్తయ్యా? కూడలి దగ్గరేనా?"

"అక్కడే. ఆగిందిగా."

"రోడ్డు మీది ఆగే గీత దాటాక ఆగిందా, ముందా?"

పెద్దమ్మ కూర గిన్నె ముందుకి లాక్కుంది. పాపే చెప్పింది. "దాటాక. లారీ అంకుల్ తిట్టాడు. నానమ్మ కూడా తిట్టింది."

నేను వెళ్ళి పెద్దమ్మ చెప్పులు తీసి చూశాను. అడుగు భాగం ఒకవైపు రాసుకుపోయి, లోపలి పొర బయటపడింది. చూస్తుంటే నా అరికాళ్ళు మండాయి.

"బ్రేకు సరిగ్గా అయ్యేదాకా పాప బడి వ్యాన్‌లో వెళ్తుంది," అంది నా భార్య. గొంతు పెంచలేదు. "బాగుచేయించాక కూడా ఇలాగే జరిగితే ఇక ఎప్పటికీ వ్యానే."

"ఆ వ్యాన్‌లోనా? సీట్ల మీద పిల్లల వాంతులు ఎండి అట్టలు కట్టి ఉంటాయి. కిటికీ అద్దం మీద ఎవడిదో చీమిడి. నేను కళ్ళారా చూశానమ్మా."

"వాంతి కడుక్కోవచ్చు అత్తయ్యా."

ఆ మాటకి పెద్దమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. తర్వాత నాతో విడిగా అంది, "పాపని దింపడం తప్ప మీ ఇంట్లో నాకంటూ ఉన్న పనేముందిరా? అదీ లేకపోతే నా ఇంటికి నేను పోతాను. ఊరికే కూర్చుని తినడం కూడా నాకు అసహ్యమే."

మర్నాడే బండిని మా వీధి చివర ఉన్న మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాం. అతన్ని అందరూ జిడ్డన్న అంటారు, తనూ పలుకుతాడు. ఆ షెడ్డు గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు వేళ్ళు జిడ్డుగా అనిపిస్తాయి. నేల ఒకప్పుడు సిమెంటు. ఇప్పుడు పాత ఇంజనాయిలూ దుమ్మూ కలిసి తోలులా పట్టి, అడుగు వేస్తే చెప్పు లాగుతుంది. గోడకి ఆనించిన సోఫా కడుపు చీలి, పీచు బయటికి వచ్చి, దానిమీద ఒక పిల్లి ప్రసవించిన గుర్తులు. జిడ్డన్న ఒక గాజు గ్లాసులోంచి నట్లు బల్లమీదకి ఒంపి, చొక్కా అంచుతో గ్లాసు తుడిచి, అందులో టీ పోసి పెద్దమ్మకి ఇచ్చాడు.

పెద్దమ్మ ఆ గ్లాసు వైపు చూసింది. నేలమాళిగలో ఏ ట్రే చూసినప్పుడూ ఆవిడ మొహం అలా అయి ఉండదు.

"నాకు టీ పడదు," అంది.

అతను ముందు చక్రం దగ్గర కూర్చుని, బ్రేకు విప్పి, లోపలి నల్లపొడిని నోటితో ఉఫ్‌మని ఊదాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏమవుతుందో చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను నాలుగడుగులు వెనక్కి వేశాను. తర్వాత బొటనవేలి మీద ఉమ్మి వేసుకుని, ప్యాడ్లు నొక్కిపట్టే డిస్క్ పళ్ళెం మీద రుద్ది, వెలుగులో చూశాడు.

"ఛీ! ఛీ! ఏం మనిషివయ్యా! నోట్లోదంతా దానిమీద పూస్తావా?" అని పెద్దమ్మ అరిచింది.

"గీతలున్నాయేమో చూస్తున్నానమ్మా. లేవు. మీ బండి శుభ్రం చూస్తే నాకే సిగ్గేస్తోంది," అన్నాడు జిడ్డన్న, ఏమాత్రం సిగ్గు లేకుండా. ప్యాడ్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. మందం ఇంకా ఉంది గానీ, పైభాగం గాజులా మెరుస్తోంది. "నున్నబడిపోయాయి. నేలమీద రెండు రుద్దులు రుద్ది, పెట్రోలు పోసి కాల్చానంటే కొత్తవాటిలా పట్టుకుంటాయి."

"ఈ నేలమీదా?" అంది పెద్దమ్మ.

"కొత్తవే వెయ్యి," అన్నాను.

అప్పుడు ఏ రకం వెయ్యాలన్న దగ్గర ముగ్గురికీ మూడు దారులయ్యాయి. పాతవి మెత్తరకం. పీచునీ పొడినీ బంకలాంటి రెసిన్‌తో అంటించి చేసినవి. జిడ్డన్న మళ్ళీ అవే వేసుకోమన్నాడు. "అరవవు, డిస్క్‌ని తినవు. మెటల్‌వి వేశామంటే వీధి చివరిదాకా కీచుమంటాయి. అప్పుడు మీరొచ్చి నన్ను తిడతారు."

"దిగుడంతా బ్రేకు పట్టుకునే దిగాలి. వేడెక్కితే ఆ బంక పట్టు వదిలేస్తుంది," అన్నాను. "వానలో తడిస్తే మొదటి పట్టే ఆలస్యం. మెటల్ ప్యాడ్ అలా కాదు. లోహపు పొడిని వేడిలో అణిచి ముద్ద చేస్తారు. తడిలోనూ పట్టుకుంటుంది, వేడిలోనూ పట్టుకుంటుంది."

"మధ్యరకం కూడా ఉంది సార్, బంకలో లోహపు రజను కలిపింది. అటూ కాదు, ఇటూ కాదు. మా తమ్ముడిలాంటిది."

పెద్దమ్మ కొత్త డబ్బా మూత తెరిచి, మెటల్ ప్యాడ్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇంత గరుకా? డిస్క్ గీరుకుపోదూ? గీత పడిన కత్తెర మేం వాడేవాళ్ళం కాదు. గీతలో మురికి దాక్కుంటుంది."

"పెద్దమ్మా, ఇది మనిషి కడుపులో పెట్టే కత్తెర కాదు."

"నీ కూతుర్ని పెట్టుకుని తిరిగేదిరా. అంతకన్నా తక్కువా?"

ఆ డిస్క్‌కి మెటల్‌వి పనికొస్తాయో లేదో డబ్బా మీద రెండుసార్లు చదివి, పనికొస్తాయని తేలాక అవే వేయించాను. జిడ్డన్న డిస్క్‌ని ఎమరీ కాగితంతో రుద్దాడు. కొత్త ప్యాడ్లు డిస్క్‌తో కుదురుకోవాలంటే ఒక్కసారిగా గట్టిగా నొక్కకూడదు. చదునుగా ఉన్న రోడ్డు మీద కాస్త వేగంతో పోయి, పూర్తిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తూ, చల్లారనిస్తూ, మళ్ళీ తగ్గిస్తూ నేనే తిప్పి తెచ్చాను. బండి ఎక్కడ నొక్కితే అక్కడ ఆగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కొన్నాళ్ళు ఆవిడ ఒంటరిగా నడిపి చూసి, బాగుందంటేనే పాప ఎక్కాలని నా భార్య షరతు పెట్టింది. ఈలోపు పాప వ్యాన్‌లో వెళ్ళి వచ్చేది. పెద్దమ్మ చెప్పింది అబద్ధం కాదు. మొదటిరోజే పాప యూనిఫాం మీద పక్క పిల్లాడి కడుపులోది అంతా ఉంది. పెద్దమ్మ దాన్ని బొగ్గులు పట్టే పటకారుతో పట్టుకుని, చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని పెరట్లోకి నడిచింది. "మీ అమ్మ కడుక్కోవచ్చందిగా. రమ్మను, కడగమను," అని గొణుగుతూ తనే ఉతికింది.

అయితే వారం తిరగకముందే, ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"మళ్ళీ జారుతోందిరా," అంది.

దాచి ఉండొచ్చు. దాస్తే పాప మర్నాడు ఆవిడ వెనకే ఎక్కేది. ఆ మాట చెప్పడానికి ఆవిడకి ఎంత కష్టమైందో హెల్మెట్ పట్టీని వేలికి చుట్టి విప్పడం చూస్తే తెలిసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడో నకిలీ సరుకు అంటగట్టాడని తేల్చేసుకున్నాను. పిల్లల ప్రాణం మీద వ్యాపారం చేసేవాళ్ళంటే నాకు ఆ పిల్లి సోఫా కంటే ఎక్కువ రోత. షెడ్డుకి వెళ్ళగానే మొదలుపెట్టాను.

"డబ్బాలో ఏం పెట్టి అమ్మావయ్యా? మట్టా?"

జిడ్డన్న లేచి నిలబడ్డాడు. "సార్, నా చేతులు మురికివి. నా గ్లాసు మురికిది. సరుకు మాత్రం మురికిది కాదు. అదే డబ్బాలోవి మా ఆవిడ బండికి వేశాను. ముందు విప్పనివ్వండి, తర్వాత తిడుదురుగాని."

విప్పాడు. ప్యాడ్ల మొహం నల్లబారి, అంచుల్లో తడిసినట్టు నిగనిగలాడుతోంది. వేలితో తాకి, ఆ వేలిని నాలుక మీద పెట్టుకున్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది.

"నూనె," అన్నాడు. "ఎక్కడిదో తెలీదు. పైన చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టాలు పొడిగా ఉన్నాయి. బ్రేకు నూనె కారలేదు. వాసనైతే లేదు."

గ్యాసు మంట తెచ్చి ప్యాడ్‌ని దూరం నుంచి వేడి చేశాడు. కాసేపటికి ఆ గరుకు లోహం లోంచి, చెమట పట్టినట్టు, చిన్న చిన్న బొట్లు పైకి ఉబికి వచ్చాయి. తెల్లటి పొగ లేచింది. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. ముందుకి వంగి, ఇంతసేపూ ముక్కు మూసుకున్న మనిషి, ఆ పొగని గుండెల నిండా పీల్చింది.

"ఇది నా నూనె," అంది.

"మీ నూనేంటమ్మా?" అన్నాడు జిడ్డన్న.

"పారఫిన్. ఆసుపత్రిది. రిటైరైనా ఒక సీసా కొనుక్కుని ఇంట్లో ఉంచుకుంటాను. వానకి తెల్లారేసరికి డిస్క్ మీద ఎర్రటి తుప్పు పొర లేస్తోంది. చూస్తే వాంతొస్తోంది. రోజూ సాయంత్రం ఒక్క తుడుపు తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచేస్తున్నాను. ఏమీ మిగలదు! వేలికి కూడా అంటదు!"

"వేలికి అంటదు పెద్దమ్మా," అన్నాను. కోపం ఎటు పోయిందో తెలియలేదు. "ప్యాడ్‌లో సన్నటి రంధ్రాలుంటాయి. రోజూ కొంచెం కొంచెం తాగేసింది. పాతవీ అందుకే పాడయ్యాయి."

"అది మురికి నూనె కాదురా. మనుషులకి కడుపు కదలకపోతే తాగిస్తారు దాన్ని!"

జిడ్డన్న గ్యాసు మంట ఆర్పాడు. "అందుకేనమ్మా, బండి ఆగకుండా పోతోంది."

నవ్వకుండా ఉండటం నా వల్ల కాలేదు. పెద్దమ్మ నవ్వలేదు. తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. వాటిమీద ఏదో పాకుతున్నట్టు బట్టలకి తుడుచుకుంది, మళ్ళీ చూసుకుంది. ఎన్నో ఏళ్ళపాటు మనుషుల్ని కాపాడటానికి నేర్చుకున్న పని అది. దాన్నే రోజూ సాయంత్రం ముచ్చటగా చేసి, మర్నాడు పొద్దున్నే పాపని నడుముకి కట్టుకుని లారీల మీదకి దింపింది.

"ఛీ, నా బతుకు," అంది. ఈసారి అరవలేదు.

జిడ్డన్నకి జాలేసినట్టుంది. "పోనీండమ్మా, తెలియక జరిగింది. మొత్తం నూనె బయటికొచ్చేదాకా కాల్చేస్తాను. ఇవే వేసుకోండి, ముప్పాతిక వంతు పనిచేస్తాయి."

పెద్దమ్మ తల ఎత్తింది. "ఒక్క పటకారు చెడిందని అనుమానం వస్తే ట్రే మొత్తం పక్కన పడేసేవాళ్ళం. ముప్పాతిక శుభ్రమని ఎక్కడా లేదు. పారెయ్."

మళ్ళీ మెటల్‌వే తీసుకున్నాం. ఈసారి రకం గురించి ఎవరూ వాదించలేదు. డిస్క్ తుడిచే పని మాత్రం ఆవిడ అతనికి ఇవ్వలేదు. స్పిరిట్ సీసా తెప్పించి, కొత్త గుడ్డలు చించి, ఆ జిడ్డు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక గుడ్డతో ఒక్కసారే తుడవడం, పారేయడం, ఇంకో గుడ్డ తీయడం. బ్రేకు లోపలి గోడలు కూడా అలాగే. ప్యాడ్లని అంచులతో పట్టుకుని తనే అందించింది. జిడ్డన్న చేతులు కడుక్కుని వస్తేగాని ముట్టుకోనివ్వలేదు. అతను తన షెడ్డులో చేతులు కడుక్కోవడం అదే మొదటిసారనుకుంటాను. సబ్బు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక జరిగిందంతా తనే నా భార్యకి చెప్పింది. ఏమీ తగ్గించలేదు. నా భార్య విని, చాలాసేపు గిన్నెలు సర్దింది.

"ఇక తుడవరు కదా అత్తయ్యా?"

"తుడవననే అనుకుంటున్నాను. కానీ సాయంత్రమయ్యేసరికి ఈ చెయ్యి నన్నడక్కుండానే గుడ్డ అందుకుంటుంది. అందుకే సీసా నీ దగ్గర పెట్టు. బండి తాళం కూడా నీ దగ్గరే పెట్టు. ఎప్పుడివ్వాలో నువ్వే చెప్పు."

ఆ తర్వాత వానపడిన ప్రతి సాయంత్రం ఆవిడ పడ్డ బాధ నేను చూశాను. వాకిలి వైపు వెళ్ళేది కాదు. వెళ్ళాల్సి వస్తే మొహం పక్కకి తిప్పుకుని, మురిక్కాలవ దాటినట్టు బండిని దాటేది. చక్రాలు తుడవడం కూడా మానేసింది. గుడ్డ పట్టుకుంటే చెయ్యి డిస్క్ దాకా పోతుందని భయం. నల్లపొడి పేరుకుంటోంది. అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదని ఒకరోజు సగం కంచం వదిలేసింది. "రాత్రి పట్టిన ఆ పొర పొద్దున్న రెండుసార్లు బ్రేకు పట్టుకుంటే రాలిపోతుంది పెద్దమ్మా, అది లోపలికి తినే తుప్పు కాదు," అని చెప్పాను. "పళ్ళ మీద పాచి కూడా రాలిపోతుంది. అలాగని ఎవరైనా తోముకోకుండా తిరుగుతారా?" అంది.

పొద్దున్నే నా భార్య తాళం ఇచ్చేది. పెద్దమ్మ ఒంటరిగా దిగుడు దిగి, కూడలి దగ్గర ఆపి, తిరిగొచ్చి తాళం ఇచ్చేసేది. ఎవరూ అడగకుండానే, "ఆగింది," అని ఒక్క మాట చెప్పేది. పాప వ్యాన్ ఎక్కేది. అలా వానలు ఉధృతంగా ఉన్న రోజులన్నీ గడిచాయి.

ఒక పొద్దున నా భార్య తాళంతో పాటు చిన్న హెల్మెట్ కూడా బల్లమీద పెట్టింది. రాత్రంతా కుండపోత. డిస్క్ కమలాపండు తొక్కలా ఎర్రగా ఉంది. పెద్దమ్మ హెల్మెట్ వైపు చూసింది, బయట డిస్క్ వైపు చూసింది. తాళం మాత్రం తీసుకుని, పాపని గేటు దగ్గరే ఉంచమని నాకు సైగ చేసి, ముందు ఒక్కతే దిగింది. మొదటిసారి బ్రేకు పట్టినప్పుడు తుప్పు గీరుకున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. కూడలి దగ్గర అడ్డంగా ఒక లారీ తిరుగుతోంది. నేను పాప చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, "నాన్నా, నొప్పి," అంది.

బండి తిరిగి పైకి వచ్చి, మా ముందు ఆగింది. డిస్క్ మీద ఎరుపు పోయి తెల్లటి ఉక్కు బయటపడింది. చక్రమంతా బురద, నల్లపొడి, ఎర్రటి చారలు. పెద్దమ్మ మొహం కుళ్ళిన పండు కొరికినట్టుంది.

"ఆగిందా?" అన్నాను.

"ఆగింది. గీతకి ఇంత ముందు. గొంతు చించుకుని, దరిద్రంగా అరిచి మరీ ఆగింది." కాలు నేలకి ఆనించి, నడుముకి బెల్టు చుట్టుకుంది. "చూస్తూ నిలబడతావేం? పిల్లని ఎక్కించు."

నేను పాప చెయ్యి వదిలాను.